మళ్ళీ కరోనా లాంటిది వస్తే గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఇంటికి రావాలా, అక్కడే ఉండాలా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పి మొదలుపెడతాను. షార్జాలో గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా చేస్తున్నారు, భార్య, నాలుగేళ్ళ పాప మీతోనే ఉన్నారు, అమ్మగారు రాజంపేట దగ్గర పల్లెలో ఒంటరిగా ఉన్నారు. ఎక్కడో కొత్త వైరస్ అని వార్త వచ్చినప్పుడల్లా నిద్ర పట్టడం లేదు. అలాంటిది నిజంగా వస్తే వెంటనే ఇంటికి వచ్చేయాలా, అక్కడే ఉండాలా, మనలాంటివాళ్ళ రాకపోకలు ఎలా మారతాయి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. ఉద్యోగం గట్టిగా ఉండి, వీసాకి ఇంకా ఏడాది పైన గడువుంటే కదలకండి. ఉద్యోగం ఊగిసలాడుతుంటే మొదటి వారంలోనే కుటుంబంతో సహా వచ్చేయండి. ఈ రెండూ కాకుండా "ఒక్క పది రోజులు అమ్మని చూసొస్తా" అని సెలవు పెట్టి వెళ్తారు చూశారా, మునిగేది వాళ్ళే. మహమ్మారి కాలంలో సొంత దేశానికి చేరడం ఆలస్యమవుతుందేమో గానీ ఆగిపోదు. తిరిగి పనికి వెళ్ళడం మాత్రం మన చేతిలో ఉండదు. అది అవతలి ప్రభుత్వం దయ.

నేను దుబాయ్‌లో, దేరాలో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు, వీసాల పని చాలా ఏళ్ళు చూశాను. 2020, 2021 రెండేళ్ళూ ఆ కౌంటర్ వెనకే గడిచాయి. ఇప్పుడు హైదరాబాద్ నుంచి అదే పని చేస్తున్నాను. కింద రాసేదంతా ఆ కౌంటర్ దగ్గర చూసినదీ, అప్పటి సర్క్యులర్లు చదివి జనానికి విడమరిచి చెప్పినదీ.

చాలామంది "విమానాలు ఆగిపోతాయా" అని అడుగుతారు. ఆగుతాయి, మళ్ళీ మొదలవుతాయి. అసలు చూసుకోవాల్సింది అది కాదు. మీ చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి ఏ దేశం మిమ్మల్ని లోపలికి రానివ్వక తప్పదు, ఏ దేశం కాదనగలదు అన్నది చూసుకోవాలి. మామూలు రోజుల్లో ఈ తేడా కనిపించదు. పర్యాటకుడు, ఉద్యోగి, పౌరుడు ఒకే క్యూలో నిలబడి లోపలికి వెళ్ళిపోతారు. మహమ్మారి రాగానే ఆ క్యూ ముక్కలవుతుంది. సొంత పౌరులు ముందు, పర్మనెంట్ రెసిడెంట్లు తర్వాత, వర్క్ వీసా వాళ్ళు వాళ్ళ వెనక, విజిట్ వీసా వాళ్ళు చిట్టచివర. గల్ఫ్‌లో పర్మనెంట్ రెసిడెంట్ అనే మెట్టే మనవాళ్ళకి దాదాపు లేదు. ఇరవై ఏళ్ళు ఉన్నా మనం వర్క్ వీసా వాళ్ళమే.

దీనికి రుజువు మీరున్న దేశమే. 2020 మార్చి 19 మధ్యాహ్నం నుంచి యూఏఈ, చెల్లుబాటయ్యే రెసిడెన్స్ వీసా ఉండి దేశం బయట ఉన్నవాళ్ళను కూడా రానివ్వడం ఆపేసింది. అంటే అక్కడ ఇల్లు, జీతం, భార్యాబిడ్డలు ఉన్నా సరే, ఆ రోజు మీరు సెలవు మీద కడపలో ఉంటే కడపలోనే. ఆ తర్వాత ఇండియా నుంచి వెళ్ళడానికి దారి దొరికింది జూలై 12 నుంచి, అదీ ముందస్తు అనుమతి ఉన్నవాళ్ళకే. దుబాయ్ వీసా అయితే జీడీఆర్ఎఫ్ఏ (దుబాయ్ ఇమిగ్రేషన్ శాఖ) అనుమతి, మీలా షార్జా, అబుదాబి వగైరా వీసా అయితే ఐసీఏ (వీసాలు, గుర్తింపు కార్డులు చూసే కేంద్ర సంస్థ) అనుమతి. భార్యది దుబాయ్ వీసా, భర్తది షార్జా వీసా ఉన్న ఇళ్ళలో ఒకరికి అనుమతి వచ్చి ఇంకొకరికి రాక, ఒకరే టికెట్ కొనుక్కుని వెళ్ళిపోయినవాళ్ళున్నారు.

ఇండియా కూడా తక్కువేమీ తినలేదు. మార్చి 22 నుంచి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు దిగడమే ఆపేసింది. సొంత పౌరులకు కూడా దారి లేదు. బయట చిక్కుకున్నవాళ్ళను తెచ్చేందుకు ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. మొదటిరోజు అబుదాబి నుంచి కొచ్చికి, దుబాయ్ నుంచి కోళికోడ్‌కి వెళ్ళాయి. అంటే ఆరు వారాలకు పైగా భారత పాస్‌పోర్టు ఉండి కూడా భారతదేశంలో అడుగు పెట్టలేని రోజులు ఉన్నాయి. అంతకు ముందే, మార్చి 17న, ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలు కౌలాలంపూర్ విమానాశ్రయంలో చిక్కుకుపోయారు. వాళ్ళు దారిలో ఉండగానే ఇక్కడ నిబంధన మారిపోయింది. చివరికి వాళ్ళ కోసం ఢిల్లీకీ విశాఖకీ ప్రత్యేకంగా ఎయిర్ ఏషియా విమానాలకు అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే చెప్తున్నాను, వచ్చేయాలనుకుంటే మొదటి వారంలోనే, నేరుగా వచ్చే విమానంలోనే రండి. మూడు వేలు మిగులుతాయని మధ్యలో దిగి ఎక్కే టికెట్ కొనకండి. మధ్యలో ఉన్న దేశం ఎప్పుడు తలుపు మూస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇక తిరిగి వెళ్ళే దారి సంగతి. మళ్ళీ వచ్చినా ఇదే ఆట జరుగుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఒక గల్ఫ్ దేశం ఇండియా నుంచి రాకపోకలు ఆపేసినప్పుడు నిబంధన సాధారణంగా ఇలా ఉంటుంది: "గత 14 రోజుల్లో ఇండియాలో ఉన్నవాళ్ళకు ప్రవేశం లేదు." ఇందులో ఉన్న సందు జనం వెంటనే పట్టేశారు. ఇండియా నుంచి నేరుగా వెళ్ళకూడదు, కానీ వేరే దేశంలో 14 రోజులు గడిపి వెళ్ళొచ్చు. కువైట్ 2020 ఆగస్టులో మనల్ని ఆపేస్తే కడప, రాయచోటి, కోనసీమ వాళ్ళంతా దుబాయ్‌కి విజిట్ వీసా మీద వచ్చి, బర్ దుబాయ్, దేరా హోటళ్ళలో గదికి నలుగురైదుగురు చొప్పున ఉండి, పద్నాలుగో రోజు పీసీఆర్ (కరోనా పరీక్ష) చేయించుకుని కువైట్ వెళ్ళారు. సౌదీ వాళ్ళూ అదే దారి పట్టారు. దీనికి ప్యాకేజీలు పుట్టుకొచ్చాయి. విజిట్ వీసా, హోటల్, భోజనం, పీసీఆర్, ముందుకు టికెట్, అన్నీ కలిపి ఒకే రేటు.

2021 ఫిబ్రవరి మొదటి వారంలో ఆ దారి తెగిపోయింది. ఫిబ్రవరి 3 నుంచి సౌదీ ఇండియా, యూఏఈతో సహా ఇరవై దేశాల నుంచి వచ్చేవాళ్ళను ఆపేసింది. 7వ తేదీ నుంచి కువైట్ తన పౌరులు తప్ప బయటివాళ్ళెవరూ రాకూడదంది. అప్పటికి పది రోజులు, పన్నెండు రోజులు పూర్తిచేసినవాళ్ళు దుబాయ్‌లో ఉన్నారు. విజిట్ వీసా గడువు కరిగిపోతోంది, ప్యాకేజీ డబ్బులు అయిపోయాయి. యూఏఈలోని మన ఎంబసీ, కాన్సులేట్ వాళ్ళు "ఇండియాకి తిరిగి వెళ్ళిపోండి" అని సలహా ఇచ్చారు. మా కౌంటర్‌కి జగిత్యాల వైపు మనిషి ఒకాయన వచ్చాడు. దమ్మాంలో ఏసీ మెకానిక్. కూతురి పెళ్ళి కోసం వచ్చి ఇరుక్కున్నాడు, వడ్డీకి తెచ్చిన డబ్బుతో దుబాయ్ దాకా చేరాడు. ఇంటికి టికెట్ తీసి ఇస్తే ఊరికి వెళ్ళాడు. మళ్ళీ అప్పు చేసి మార్చిలో ఈసారి కాఠ్మాండూ దారి పట్టాడు. అప్పటికి అందరి దారీ నేపాలే. ఆయన పధ్నాలుగు రోజులు గడిపి ఏప్రిల్ మొదట్లోనే దాటేశాడు. ఆయన వెనక వెళ్ళినవాళ్ళు దాటలేదు. ఏప్రిల్ చివర్లో, మన దగ్గర రెండో వేవ్ ముదిరేసరికి, నేపాల్ కూడా ఇలా మజిలీగా వచ్చే భారతీయులను ఆపేసింది. యూఏఈ ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి మనకు మూసేసింది.

ఇందులో తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మూడో దేశం మీదుగా వెళ్ళే దారి ఎప్పుడూ తెరిచి ఉన్నట్టే ఉంటుంది, జనం ఎక్కువైన కొద్దీ మూతపడుతుంది. మొదట వెళ్ళినవాడు దాటతాడు, వాడిని చూసి వెళ్ళినవాళ్ళు ఇరుక్కుంటారు. పక్కూరివాడు వెళ్ళాడని తెలిసేసరికే ఆ దారి సగం చచ్చినట్టు లెక్క. ప్యాకేజీ అమ్మేవాడు ఈ సంగతి చెప్పడు. నేనూ అమ్మాను కాబట్టి తెలుసు. అడిగినవాళ్ళకి మాత్రం "రెండు వైపులా టికెట్‌కీ, అదనంగా ఇంకో రెండు వారాల తిండికీ డబ్బు ఉంటేనే రండి" అని చెప్పేవాణ్ణి.

ఆరు నెలల నిబంధన సంగతి. యూఏఈ బయట ఏకధాటిగా ఆరు నెలలు దాటితే రెసిడెన్స్ మామూలుగా పోతుంది (గోల్డెన్ వీసా వాళ్ళకి ఈ బెడద లేదు). కువైట్‌లోనూ ఆరు నెలల లెక్కే ఉండేది. కరోనాలో ఈ నిబంధనను సడలించారు కదా, మళ్ళీ సడలిస్తారులే అనుకోకండి. సడలింపు ఎలా వచ్చిందో చూడండి: 2020 మార్చి 1 తర్వాత గడువు తీరిన వీసాలు డిసెంబరు ఆఖరు దాకా చెల్లుతాయని యూఏఈ ప్రకటించింది, జూలైలో ఆ మాట వెనక్కి తీసుకుంది. డిసెంబరు దాకా టైమ్ ఉంది కదా అని తాపీగా కూర్చున్నవాళ్ళు వీసా దరఖాస్తులు నింపే టైపింగ్ సెంటర్ల ముందు బారులు తీరారు. సౌదీ మాత్రం ఈ విషయంలో బాగా చేసింది. బయట ఇరుక్కున్నవాళ్ళ అకామా (నివాస అనుమతి), ఎగ్జిట్ రీ-ఎంట్రీ (వెళ్ళి తిరిగి వచ్చే అనుమతి) రెండూ 2021లో పలుమార్లు రుసుము లేకుండా తనంతట తానే పొడిగించింది. ఒక్కో దేశం ఒక్కో తీరు. మీ దేశం ప్రకటన వచ్చేదాకా మామూలు గడువే అసలు గడువు అనుకుని నడుచుకోండి.

వీసానే సరిగ్గా లేనివాళ్ళ గోడు ఇంకోటి. కల్లివెల్లి అయి, అంటే యజమానిని వదిలేసి కాగితాల్లేకుండా, ఉన్నవాళ్ళకి కువైట్ 2020 ఏప్రిల్‌లో ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఇచ్చింది. జరిమానా లేదు, విమానం ఖర్చు కూడా తానే పెట్టుకుంటానంది. మనవాళ్ళకి కేటాయించిన రోజులు ఏప్రిల్ 16 నుంచి 20 దాకా. వేలమంది పెట్టెలు సర్దుకుని వెళ్ళి పేరు రాయించుకున్నారు. వాళ్ళని క్యాంపుల్లో పెట్టారు. కానీ ఇండియా అప్పటికి విమానాలు దిగనివ్వడం లేదు. ఎండాకాలం, క్యాంపు, రోజా నెల. వారాల తరబడి అక్కడే. అందులో రాయలసీమ, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు చాలామంది. పంపేవాడు సిద్ధంగా ఉన్నా రప్పించుకునేవాడు సిద్ధంగా లేకపోతే ఏమవుతుందో అక్కడ చూశాం. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా కాగితాల్లేకుండా ఉంటే, మామూలు రోజుల్లో ఆమ్నెస్టీ వచ్చినప్పుడే సరిచేసుకోమనండి. మహమ్మారి దాకా ఆగొద్దు.

ఇప్పుడు టీకా కాగితం. ఈసారి వచ్చే మహమ్మారిలో తప్పకుండా తిరిగి వచ్చేది ఇదే అని నా అంచనా. ఇది కొత్తదేమీ కాదు. ఆఫ్రికా వెళ్ళే మనవాళ్ళు ఎల్లో ఫీవర్ కార్డు కోసం హైదరాబాద్ నారాయణగూడలో ఆ టీకా వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎం ముందు నిలబడటం మనకు ఎప్పటినుంచో తెలుసు. ఆ కార్డు ఒక్కసారి తీసుకుంటే ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, ఏ దేశమైనా ఒప్పుకుంటుంది. కరోనా టీకా విషయంలో ఆ ఒప్పుదల లేదు. ఏ కంపెనీ టీకా ఏ దేశం ఒప్పుకుంటుందో అన్నదే పెద్ద పంచాయితీ అయింది.

2021 ఆగస్టు 1 నుంచి కువైట్ టీకా వేసుకున్న విదేశీయులను రానిచ్చింది. ఫైజర్, ఆస్ట్రాజెనెకా, మోడర్నా, జాన్సన్ మాత్రమే. మన కోవిషీల్డ్ ఆస్ట్రాజెనెకాదే కాబట్టి గండం గడిచింది. కోవాగ్జిన్ వేసుకున్నవాళ్ళు ఉండిపోయారు. హైదరాబాద్‌లో తయారైన టీకా హైదరాబాద్ వాడికే విమానం ఎక్కడానికి పనికిరాని పరిస్థితి. డబ్ల్యూహెచ్‌ఓ దానికి అత్యవసర వాడకం అనుమతి ఇచ్చింది 2021 నవంబరు 3న. ఆ తర్వాత కూడా ఒక్కో దేశం ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది. టీకా మంచిదా కాదా అన్న చర్చ కాదు ఇది, కౌంటర్ దగ్గర ఎవరూ ఆ చర్చ చేయరు. జాబితాలో పేరు ఉందా లేదా, అంతే.

కాబట్టి విదేశంలో పని చేసేవాళ్ళు టీకా ఎంచుకునే వీలుంటే, తాము పనిచేసే దేశం ఒప్పుకునేదే, వీలైతే ఆ దేశంలోనే వేయించుకోవాలి. 2021 ఆగస్టు 5న యూఏఈ మళ్ళీ మనకు తలుపు తెరిచినప్పుడు మొదట రానిచ్చింది ముఖ్యంగా అక్కడ రెండు డోసులు వేసుకున్న రెసిడెంట్లనే. సౌదీ కూడా ఆ నెలాఖరుకి, తన దగ్గర రెండు డోసులు వేసుకున్నవాళ్ళను నేరుగా రానిచ్చింది. మిగతావాళ్ళు డిసెంబరు 1 దాకా ఆగాల్సి వచ్చింది. ఉన్నచోటే ఉండమని మీకు చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

డోసుల మధ్య ఎడం కూడా గుర్తుండే ఉంటుంది. మన దగ్గర కోవిషీల్డ్‌కి 84 రోజులు పెట్టారు. ఉద్యోగానికి, చదువుకి విదేశం వెళ్ళేవాళ్ళకి మాత్రం 28 రోజులకే రెండో డోసు ఇవ్వొచ్చని 2021 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు నంబరు వేయమంది. ఈ సంగతి తెలియక పల్లెల్లో 84 రోజులు కూర్చున్నవాళ్ళు ఎందరో. పీహెచ్‌సీలో నర్సుకి కూడా తెలియదు. అలాంటి ఉత్తర్వు వచ్చిన రోజే ఫోన్‌లో దాచుకుని చూపించాల్సింది మనమే.

ఇక పేర్ల గొడవ. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మన తెలుగువాళ్ళకి ఇదే పెద్ద తలనొప్పి. ఆధార్‌లో "ఎస్ వెంకట రమణ" అని ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా, ఇచ్చిన పేరు గడిలో "వెంకటరమణ" అని కలిపి ఉంటుంది. అకామాలోనో ఎమిరేట్స్ ఐడీలోనో అరబిక్‌లోకి పోయి తిరిగి వచ్చేసరికి ఇంకో అక్షరం మారుతుంది. టీకా సర్టిఫికెట్ ఆధార్‌తో తీసుకున్నాడు కాబట్టి అది ఆధార్ పేరు మీద ఉంటుంది. చెక్-ఇన్ కౌంటర్‌లో అమ్మాయి మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చూస్తుంది. వెనక లైను పెరుగుతూ ఉంటుంది. ఎయిర్‌లైన్‌కి మన మీద కోపమేమీ లేదు. అవతల దించనివ్వకపోతే తిరిగి తీసుకురావాల్సిన ఖర్చూ, జరిమానా వాళ్ళ మీద పడతాయి, అందుకని అనుమానం వస్తే ఎక్కించకపోవడమే వాళ్ళకి క్షేమం. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టు మీద విజిట్ వీసాతో రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ చెప్పేసింది కూడా. మీది, మీ భార్యది, పాపది, ముఖ్యంగా అమ్మగారిది, ఆధార్, పాస్‌పోర్టు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆధార్‌నే పాస్‌పోర్టుకి సరిపోయేలా మార్పించండి, అది తేలిక.

పరీక్షల దగ్గర ఇంకో చిక్కు. పీసీఆర్ 48 గంటలు అన్నప్పుడు అది శాంపిల్ ఇచ్చిన సమయం నుంచి, రిపోర్టు చేతికొచ్చిన సమయం నుంచి కాదు. రిపోర్టు మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. దాన్ని జిరాక్స్ మీద జిరాక్స్ తీయించి మసకబారిస్తే మెషీన్ చదవదు. దానికి తోడు యూఏఈ 2021 ఆగస్టులో విమానం ఎక్కడానికి కొన్ని గంటల ముందు విమానాశ్రయంలోనే రాపిడ్ పీసీఆర్ చేయించుకోవాలంది. ఆ మెషీన్లు అన్ని చోట్లా లేవు. హైదరాబాద్ లాంటి పెద్ద విమానాశ్రయాల నుంచే కుదిరింది. విజయవాడ, తిరుపతి దగ్గరవాళ్ళు చాలామంది రాత్రంతా బస్సులో శంషాబాద్ రావాల్సి వచ్చింది. మళ్ళీ ఇలాంటివి వస్తే ఇంటికి దగ్గరని చిన్న విమానాశ్రయం ఎంచుకోకండి.

టికెట్ డబ్బుల గురించి తొందరగా ముగిస్తాను. లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్ల మీద మన సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న తీర్పు ఇచ్చింది, డబ్బు తిరిగి ఇవ్వాలని, కొన్ని సందర్భాల్లో క్రెడిట్‌గా ఉంచాలని. తీర్పు మంచిదే, కానీ ఏజెంట్ ద్వారా కొన్న టికెట్ డబ్బు ఏజెంట్‌కే వస్తుంది. మధ్యలో సబ్ ఏజెంట్, వాడి కింద ఊళ్ళో ఇంకొకడు ఉంటే ఎక్కడ ఆగుతుందో దేవుడికే ఎరుక. నేను ఏజెంట్‌నే అయినా చెప్తున్నా, మహమ్మారి వార్తలు నడుస్తున్నప్పుడు మీ కార్డు మీద ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొనుక్కోండి. ప్రవాసీ భారతీయ బీమా ఉందిలే అనుకునేవాళ్ళకి ఒక మాట: అది ప్రధానంగా ప్రమాదంలో మరణం, వైకల్యం కోసం పెట్టింది. విమానం రద్దయితే, క్వారంటైన్ హోటల్ కట్టాల్సి వస్తే అది ఆదుకోదు. ప్రైవేట్ ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే "మహమ్మారి మినహాయింపు" అన్న వాక్యం ఉందేమో చదివి తీసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ళ కోసం రెండు మాటలు. 2020 మార్చి 13 నుంచి ఇండియా ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళు వీసా లేకుండా వచ్చే కార్డు) మీద వచ్చే సౌకర్యాన్ని కూడా పక్కన పెట్టేసింది. హెచ్‌1బీ వర్క్ వీసా పోయి దేశానికి తిరిగి రావాల్సిన తల్లిదండ్రులు భారతీయులు, ఒళ్ళో పసిబిడ్డది అమెరికా పాస్‌పోర్టు. తల్లిదండ్రులకి వందే భారత్‌లో సీటు ఉంది, బిడ్డకి లేదు. మే 22న ఓసీఐ ఉన్న మైనర్ పిల్లలకు సడలింపు ఇచ్చారు. ఓసీఐ ఇంకా తీసుకోని పిల్లల వాళ్ళు అప్పటికీ కాళ్ళరిగేలా తిరిగారు. ఇంచుమించు ఏడాదికి కథ తిరగబడింది. 2021 మే 4న అమెరికా, ఇండియాలో ఉన్న వర్క్ వీసా వాళ్ళ ప్రవేశం ఆపింది. రెండో వేవ్‌లో అమ్మానాన్నల కోసం పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఇక్కడే ఇరుక్కున్నారు. ఆ ఉత్తర్వులో మినహాయింపు ఎవరికి? గ్రీన్ కార్డు వాళ్ళకి, అమెరికా పౌరసత్వం ఉన్న మైనర్ పిల్లల తల్లిదండ్రులకి. ముందటేడు అడ్డమైన ఆ బిడ్డ పాస్‌పోర్టే ఈసారి తాళంచెవి అయింది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఉంటేనే సుమా, కాన్సులేట్లు పెద్దగా పని చేయడం లేదు అప్పుడు. అందుకే అమెరికాలో పుట్టిన పిల్లలకి ఓసీఐ మొదటి ఏడాదిలోనే తీసుకోండి అని నేను అందరితోనూ పోట్లాడతాను. ఆస్ట్రేలియా అయితే ఇంకో అడుగు ముందుకు వేసింది. 2021 మే మొదటి రెండు వారాలు ఇండియా నుంచి వచ్చే సొంత పౌరులకే జైలు శిక్ష అని బెదిరించింది. అంటే పౌరసత్వం కూడా పూర్తి హామీ కాదు. అందరికంటే ముందు వరసలో నిలబెడుతుంది, అంతే.

"ఇవన్నీ 2020 నాటి సంగతులు, ఈసారి అంతర్జాతీయ నిబంధనలు మారాయి కదా" అని ఒకరు అడిగారు. మారాయి. డబ్ల్యూహెచ్‌ఓ ఆరోగ్య నిబంధనలను 2024లో సవరించారు, అవి 2025 సెప్టెంబరు 19 నుంచి అమల్లోకి వచ్చాయి, "పాండెమిక్ ఎమర్జెన్సీ" అని కొత్త స్థాయి ఒకటి పెట్టారు. అమెరికా ఆ సవరణలను ఒప్పుకోనంది. అయితే అవసరానికి మించి ప్రయాణాలు ఆపకూడదని, ఆపితే కారణాలు చెప్పాలని పాత నిబంధనల్లోనూ ఉంది. ఎవరు విన్నారు? 2021 నవంబరు 24న దక్షిణాఫ్రికా ఒమిక్రాన్ గురించి నిజాయితీగా చెప్పింది, రెండు మూడు రోజుల్లో దేశాలు వరసపెట్టి దానికే విమానాలు ఆపేశాయి. ప్రభుత్వాలు భయపడినప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఉన్న జెనీవా వైపు చూడవు, సొంత ఓటర్ల వైపు, సొంత ఆసుపత్రుల వైపు చూస్తాయి. ఈసారి మారేది ఒక్కటే అని నాకు అనిపిస్తుంది, అంతా ముందే ఫోన్‌లో తేలిపోతుంది. అనుమతి, టీకా, పరీక్ష అన్నీ యాప్‌లో ఆకుపచ్చగా కనిపిస్తేనే టికెట్. కౌంటర్ దగ్గర బతిమాలి ఎక్కే రోజులు పోయాయి.

ఇక మీరు ఈ నెలలోనే చేసుకోవాల్సిన పనులు చెప్తాను.

పాస్‌పోర్టు గడువు ఏడాదిలోపు ఉంటే ఇప్పుడే రెన్యువల్‌కి ఇవ్వండి, 2020లో ఆ సెంటర్లు కూడా మూతపడ్డాయి. మీ వీసా, భార్యాబిడ్డల వీసాలు వేర్వేరు నెలల్లో తీరుతుంటే రాసిపెట్టుకోండి. మీది రద్దయితే వాళ్ళదీ పోతుంది, వాళ్ళ వీసాలు మీ మీదే ఉన్నాయి కాబట్టి. కంపెనీలో వీసా పనులు చూసే పీఆర్వోతో మంచిగా ఉండండి, సెలవు మీద వెళ్ళి ఇరుక్కుంటే మీ తరఫున అనుమతి పెట్టేది ఆయనే. ముగ్గురికీ వన్‌వే టికెట్ డబ్బు, అదీ మామూలు రేటుకి రెట్టింపు, విడిగా ఒక ఖాతాలో ఉంచండి. కాన్సులేట్ దగ్గర కష్టంలో ఉన్నవాళ్ళకి సంక్షేమ నిధి ఉంది, కానీ అది పూర్తిగా చేతులెత్తేసినవాళ్ళ కోసం. జీతం ఉన్న కుటుంబానికి లెక్కలో రాదు. మీ పేర్లు కాన్సులేట్ రిజిస్ట్రేషన్‌లో ఉండేలా చూసుకోండి. వందే భారత్‌లో సీట్లు మొదట్లో, ఎంబసీ, కాన్సులేట్ అప్పుడు తీసుకున్న పేర్ల జాబితా నుంచే ఇచ్చారు. గర్భిణులు, ముసలివాళ్ళు, ఉద్యోగం పోయినవాళ్ళు ముందు. మీ భార్యాబిడ్డలను పంపి మీరు ఉండిపోవాలనుకుంటే మాత్రం జాగ్రత్తగా ఆలోచించండి. 2020లో చాలామంది అలా చేసి, వాళ్ళని తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది పట్టింది.

అమ్మగారి సంగతి చివరికి ఉంచాను, మీ ప్రశ్నలో అసలు బాధ అదే కాబట్టి. ఆవిడకి ఇప్పుడే పాస్‌పోర్టు తీయించండి. వైరస్ వార్త వచ్చాక కాదు, మామూలు రోజుల్లో, విజిట్ వీసా మీద రెండు మూడు నెలలు మీ దగ్గరికి రప్పించుకోండి. కానీ మహమ్మారి మొదలయ్యాక ఆవిడని అక్కడికి తేవొద్దు. వయసు మీద పడ్డవాళ్ళకి విజిట్ వీసా మీద ఆసుపత్రి ఖర్చు భరించలేరు, తిరిగి పంపే దారి కూడా ఉండకపోవచ్చు. ఊళ్ళో ఆవిడ ఖాతాకి మీ తమ్ముడో, పినతల్లి కొడుకో ఎవరో ఒకరిని జాయింట్ హోల్డర్‌గా చేర్చి, మందులు తెచ్చే మనిషిని, ఆసుపత్రికి తీసుకెళ్ళే ఆటో మనిషిని ముందే మాట్లాడిపెట్టండి. ఆస్తి కాగితాల మీద ఏదైనా సంతకం కావాల్సి వస్తే మీరు రాలేకపోవచ్చు, కాబట్టి కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి ఇక్కడికి పంపడం ఈ సెలవుల్లో పూర్తిచేయండి. ఇక్కడికి వచ్చాక దాన్ని స్టాంపు వేయించడానికి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి. దానికి గడువు ఉంటుంది, కవరు అందిన వారంలోనే ఎవరో ఒకరు తీసుకెళ్ళేలా చూడండి.